హాల్లోకి రావచ్చా తమ్మీ

మా ఇంట్లో దొంగలు పడ్డ కథ మా అపార్ట్‌మెంట్లో ఎవర్నడిగినా చాయ్ దగ్గర మొదలుపెడతారు. దొంగలకు చాయ్ పోసి పంపిన ఇల్లు మాది.

మేముండేది మణికొండలో, నాలుగో అంతస్తు. నేను, నా కొడుకు సాయిచంద్, కోడలు తేజస్విని, మా అక్క కిష్టమ్మ. నా పేరు బాలనర్సయ్య. పుట్టింది నానక్‌రామ్‌గూడలోనే. మా మక్కజొన్న చేను ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. ఆ మేడ కిందే నేను ఆఫీసు క్యాబుల సూపర్‌వైజర్ని. ఏ బండి వచ్చింది, ఏ బండి పోయింది రాసుకోవడం, మిగతా టైమంతా డ్రైవర్లతో ముచ్చట్లు. పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోమంటే నాకు జ్వరం వస్తుంది.

నా భార్య పోయినప్పుడు సాయిచంద్‌కు నాలుగేండ్లు. అప్పటికే మొగుడు పోయి మా ఇంటికొచ్చిన అక్క వాణ్ణి చంకనేసుకుంది. వాడు బడికి పోయినా, ఇంజనీరింగు చదివినా, ఉద్యోగం తెచ్చుకున్నా, వెనకాల అన్నం డబ్బా కట్టిన చెయ్యి ఆమెదే.

మొన్న మార్చిలో ఒక మంగళవారం, పొద్దున పదకొండున్నరకు ఇద్దరు వచ్చారు. నీలం చొక్కాలు, భుజాన సంచులు. "నీళ్ళ ఫిల్టరు సర్వీసు అమ్మా, సార్ పంపిండు" అన్నారు. అక్క తలుపు తీసింది. ఒకడు ఆమెను వంటింట్లో నల్లా దగ్గర నిలబెట్టి, గ్లాసు నిండినంక చెప్పమన్నాడు. ఇంకొకడు బీరువా ఖాళీ చేశాడు. తేజస్విని పెండ్లి నగలు, రెండు లాప్‌టాప్‌లు పోయాయి. ఈలోగా, ఎండన పడి వచ్చారు పాపమని, అక్క ఇద్దరికీ చాయ్ పెట్టింది. వాళ్ళు తాగారు. గ్లాసులు సింకులో పెట్టారు. పోతూ పోతూ ఫ్రిజ్ మీదున్న అక్క చిన్న ఫోను కూడా పట్టుకుపోయారు.

"చాయ్‌ల చక్కెర సరిపోయిందంటనా పెద్దమ్మా?" అని లిఫ్టులో ఎవరో అడిగారట.

"సరిపోయిందన్నరు బిడ్డా" అందట అక్క. నిజంగానే అడుగుతున్నారనుకుని.

సాయిచంద్ ఆమెను ఒక్క మాట తిట్టలేదు. ఎనిమిది రోజులు మాట్లాడలేదు, అంతే.

దొంగలు పడ్డ తర్వాతి రెండు వారాలు మాత్రం నాకు పండగ. ఇట్లా రాయడం తప్పే, కానీ అబద్ధం రాయలేను. రోజుకొకడు వచ్చి కెమెరాలు చూపించి పోతుంటే, పెండ్లిచూపుల్లో పిల్ల తండ్రిలాగా సోఫాలో కూర్చుని ప్రశ్నలు వేశాను. మొదటోడు బల్బులాంటి కెమెరా తెచ్చాడు. కోఠిలో ఫుట్‌పాత్ మీద దొరికేదే, పైన కొత్త స్టిక్కరు. రెండోవాడు దొంగ దొరికిన వీడియో చూపించాడు. ఆ దొంగ వేసుకున్న ఉన్ని కోటు చూస్తే అది మన దేశం కాదని చిన్న పిల్లకైనా తెలుస్తుంది. మూడోవాడు అవినాష్. భీమవరం వైపు పిల్లవాడు, మాటకు ముందొక అండి, వెనకొక అండి.

"కెమెరా దొంగను చూస్తుందండి. ఆపదు" అన్నాడు అవినాష్. "ఆపాలంటే మనిషుండాలి. మాధాపూర్లో మా సెంటర్ ఉందండి. రాత్రీ పగలూ ఆడపిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. మీ ఇంట్లో ఏదైనా కదిలితే సైరన్ మోగుతుంది, వెంటనే వాళ్ళు స్పీకర్లో మాట్లాడతారండి."

ఆ మాట నాకు నచ్చింది. ఎవరూ లేని ఇంట్లో కూడా మాట్లాడే మనిషి.

కాగితం నింపుతూ అవినాష్ అడిగాడు. "పగటిపూట ఇంట్లో ఎవరైనా ఉంటారా అండి?"

అక్క అక్కడే కింద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది.

"ఎవరూ ఉండరు" అన్నాడు సాయిచంద్.

అవినాష్ అక్క వైపు చూశాడు. చేతిలో పెన్ను ఆగింది. "మరి అమ్మగారు..."

"ఆమె రూంల ఉంటది. రాసుకో."

పాపం ఆ పిల్లవాడు విడమరిచి చెప్పాడు. రెండు మోడ్‌లు ఉంటాయట. ఇంట్లో మోడ్ పెడితే హాల్లో ఎవరు తిరిగినా మోగదు. బయట మోడ్ పెడితే పిల్లి దూకినా మోగుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడు ఇంట్లో మోడే మంచిదన్నాడు.

"ఇంట్లో మోడ్ పెడితే ఏమైతది?" అన్నాడు సాయిచంద్. "మళ్ళ ఎవడో వస్తడు. మళ్ళ తలుపు తీస్తది. మళ్ళ చాయ్. ఇగ ఇవన్ని ఎందుకు మనకు?"

చిక్కుడుకాయ ఈనె తెగిన చప్పుడు వినిపించింది.

అప్పుడు నేను మాట్లాడాను. ఆ ఉపాయం నాదే. "అక్క రూంల బాత్రూం ఉంది, మంచం ఉంది. డబ్బల అన్నం, సీసాల నీళ్ళు పెట్టిపోతే సాయంత్రం దాక ఆమెకు హాల్ల పనేముంది? పొద్దంత పండుకునేదే గదా. బయట మోడే పెట్టుకుందం. రాజభోగం."

సాయిచంద్ ఎనిమిది రోజుల తర్వాత నవ్వాడు. "డాడీ, నీ బుర్ర మామూలుది కాదు." నేను ఉబ్బిపోయాను.

"నీకు సమ్మతమేనా అక్కా?" అని అడిగాను. అడిగాను, అది మాత్రం నిజం.

"మీ ఇష్టం తమ్మీ. నాదేముంది" అంది అక్క.

అలారం బిగించిన మూడో రోజు మధ్యాహ్నం నా ఫోను గోల పెట్టింది. తెరిచి చూస్తే మా హాలు. సైరన్ మోగుతోంది. హాలు మధ్యలో అక్క. కూరలో ఉప్పు తక్కువైందని వంటింట్లోకి పోయి వస్తోంది. స్పీకర్లోంచి ఆడపిల్ల గొంతు: "ఎవరు మీరు? గుర్తుమాట చెప్పండి." ఇంటి వాళ్ళకు మాత్రమే తెలియాల్సిన మాట అది. అక్కకు మేం చెప్పలేదు. ఆమెకు చెప్తే ఫిల్టరోళ్ళకు గూడ చెప్తదని తేజస్విని అంటే, అందరం సరే అన్నాం.

అక్క ఒక గుప్పిట్లో ఉప్పు పట్టుకుని, రెండు చేతులూ జోడించి, స్పీకరు ఎక్కడుందో తెలియక పైకప్పుకు దండం పెట్టింది. "నేనే బిడ్డా... ఈ ఇంటిదాన్నే..." వేళ్ళ సందుల్లోంచి ఉప్పు రాలుతోంది.

నా చుట్టూ డ్రైవర్లు ఉన్నారు. ఫోను అందరికీ చూపించాను. నవ్వారు. వాళ్ళకంటే గట్టిగా నేను నవ్వాను. ఆ వీడియోను మా చుట్టాల గ్రూపులో కూడా పెట్టాను, నవ్వే బొమ్మలు జతచేసి.

ఆ సాయంత్రం అక్క నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "తమ్మీ, నాకు ఏమన్న అవసరం పడితె ఎట్ల?"

"ఫికర్ చెయ్యకక్కా. తలుపు జర తియ్యి. అడుగు బయట పెట్టకు. నువ్వు తలుపు తీస్తే నా ఫోన్‌కు మెసేజ్ వస్తది, అలారం ఆపాల్నా అని. నేను అవును అని నొక్కుత. గోడ మీద ఎర్ర లైటు పచ్చగ అయితది. పచ్చగ అయినంకనే రా."

"పచ్చగ కాకపోతె?"

"కాకపోతె రాకు. మోగుతది" అని నవ్వాను. "ఆదివారం నీకు కొత్త ఫోను కొందం తియ్యి, ఇవన్ని ఉండయి."

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఆమె ఎవరికి ఫోన్ చేస్తదిలే అనుకున్నాం. రోజూ తొమ్మిదింటికి అక్క తన డబ్బా, సీసా పట్టుకుని తనే గదిలోకి పోయి తలుపు వేసుకునేది. నెలలు గడిచినా ఒక్క మెసేజూ రాలేదు. "చూసినవా, ఎంత మంచిగ అలవాటు పడ్డదో" అని కొడుకుతో అన్నాను.

జూలైలో ఒక గురువారం, వానలో తడుస్తూ ఆరూ నలభైకి ఇంటికొచ్చాను. తలుపు పక్క డబ్బా మీద అంకెలు నొక్కి అలారం ఆపాను. కీక్ మని చప్పుడైంది. రోజూ ఆ చప్పుడుకే అక్క బయటికొచ్చేది. ఆ రోజు రాలేదు.

మంచం మీద ఒక పక్కకు తిరిగి ఉంది, మొహం తలుపు వైపు. చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. కానీ... అంతే.

కింద దవాఖాన డాక్టరు వచ్చి చూశాడు. గుండె అన్నాడు. "నిద్రలోనే పోయి ఉంటారు" అన్నాడు. ఆ ఉంటారు అనే మాటను మేం వదిలేశాం. ఫోన్లు చేసి అందరికీ చెప్పాం, నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు, తనకు తెలియనే తెలియదు అని. ఎనభై మందికి నేనొక్కణ్ణే చెప్పి ఉంటాను. అక్క జుట్టు దువ్వి ముడేసుకుని ఉంది. కొంగు నడుముకు చెక్కుకుని ఉంది, బయటికి పోయే మనిషిలాగా. అది నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. నిద్రలోనే పోయింది అన్న మాట పట్టుకునే నేను ఆ తర్వాత అన్నం తిన్నాను, పండుకున్నాను. ఆ మాట అబద్ధమైతే నాకింక నిలబడే చోటు లేదు.

దినాలు అయిపోయాయి. సోమవారం అందరం పనుల్లోకి పోయాం. మధ్యాహ్నం రెండూ పదికి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

లోపలి తలుపు తెరుచుకుంది. అలారం ఆపాలా? అవును. వద్దు.

కెమెరా తెరిచాను. హాలు ఖాళీగా ఉంది. అక్క గది తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది. ఆ సందులో చీకటి తప్ప ఏమీ లేదు. చూస్తుండగానే తలుపు మెల్లగా మూసుకుంది. గాలికి మూసుకున్నట్టు కాదు. చప్పుడు కాకూడదని చేత్తో పట్టి మూసినట్టు.

ఏమీ నొక్కలేదు నేను. జవాబు రాకపోతే సెంటర్ వాళ్ళు ఫోన్ చేస్తారు. చేశారు. శ్రావణి అనే పిల్ల. గాలికి అయ్యుంటది బిడ్డా అన్నాను. మంగళవారం అదే టైముకు మళ్ళీ. బుధవారం మళ్ళీ. అవినాష్ వచ్చి, తలుపు తెరిస్తే కనిపెట్టే బిళ్ళ మార్చాడు, సందులో అట్టముక్క మడిచి బిగించాడు. గురువారం ఆ అట్టముక్క హాల్లో పడి ఉంది.

శుక్రవారం శ్రావణి ఫోన్ చేసి కొంచెం నసిగింది.

"అంకుల్, ఏమనుకోకండి. ఆ రూంలో పెద్దావిడకు జర చెప్పండి. రోజూ ఊరికే తలుపు తీస్తున్నారు."

"ఏ పెద్దావిడ బిడ్డా?"

"స్పీకర్ ఆన్ చేస్తే మాకు వినిపిస్తది కదా అంకుల్. హాల్లోకి రావచ్చా తమ్మీ అని అడుగుతారు. మెల్లగా."

డ్రైవర్లు ఏదో చెప్పి నవ్వుతున్నారు. నేను లేచి ఒక స్తంభం చాటుకు పోయాను.

"నువ్వు చేరి ఎన్ని రోజులైంది బిడ్డా?"

"పోయిన శనివారం అంకుల్."

అక్క పోయింది అంతకు ముందు గురువారం కూడా కాదు. దానికీ ముందు గురువారం.

"మరి... ఆమెకు నువ్వేం చెప్తవు?"

"నేనేం చెప్తాను? మీరే చెప్తారు కదా."

"నేనా?"

"హాల్లోంచి. వద్దక్కా, మోగుతది అని. నవ్వుకుంటూ. మీ గొంతే అంకుల్. ఇప్పుడు మాట్లాడుతున్న గొంతే."

"బిడ్డా, ఆ టైముకు నేను ఇంట్ల ఉండ. ఆఫీసుల ఉంట."

అవతల ఎవరివో కీబోర్డుల చప్పుడు.

"మరి హాల్లో ఎవరుంటారు అంకుల్?" అంది శ్రావణి.

ఆ రాత్రి కొడుకుకు చెప్పబోయి ఊరుకున్నాను. ఏమని చెప్తాను. సోమవారం సెలవు పెట్టాను. పిల్లలిద్దరూ ఆఫీసులకు పోయినంక, పదకొండింటికి, అక్కలాగానే డబ్బాలో అన్నం, సీసాలో నీళ్ళు పెట్టుకున్నాను. ఫోన్లో బయట మోడ్ నొక్కాను. నలభై అయిదు సెకన్లు టైమిస్తుంది. చాయ్ గిన్నె కింద మంట ఆపానా లేదా అని వంటింట్లోకి పరిగెత్తి, మళ్ళీ గదిలోకి పరిగెత్తి తలుపు వేసుకున్నాను. కీక్... కీక్... ఆగింది. హాల్లో లైటు ఎర్రబడి ఉంటుంది.

జేబు తడుముకున్నాను. ఫోను వంటింటి గట్టు మీదే వదిలేశాను.

నవ్వొచ్చింది నాకు. అప్పటికింకా నాకు నవ్వు వచ్చేది.

అక్క గదిలో నేను అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. కిటికీ ఉంది, కానీ చెయ్యి చాపితే పక్క అపార్ట్‌మెంట్ గోడ తగులుతుంది. పగలే దీపం కావాలి. ఆ రోజు ముసురు. కొద్దిసేపటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు మా హాలుకు, పిల్లల గదికి పెట్టించాం. అక్క గదికి పెట్టించలేదు. ఎక్కడో ఏసీ గొట్టంలోంచి నీళ్ళు రేకు మీద పడుతున్నాయి. టక్. చాలాసేపటికి ఇంకో టక్. నీలగిరి తైలం వాసన, దాని కింద తడి బట్టల వాసన, దాని కింద ఎన్నో రోజులు మూసి ఉన్న గదికి ఉండే వాసన.

ఆ గదిలో గడియారం లేదు. అది అప్పుడు గమనించాను. టైమెంతైందో తెలియదు. అన్నం తిన్నాను. పండుకున్నాను. లేచాను. మాట్లాడటానికి గోడ తప్ప ఎవరూ లేరు. ఒక గంటైందో, మూడు గంటలైందో. మంచం మీద ఎటు పండుకున్నా కళ్ళు తలుపు మీదికే పోతున్నాయి. తలుపు మీద, గొళ్ళేనికి కొంచెం పైన, ఒక మరక ఉంది. దగ్గరకు పోయి చూశాను. నూనె మరక. అరచెయ్యంత. ఒకే చోట రోజూ చెయ్యి ఆనించి నిలబడితే పడే మరక.

నీళ్ళు అయిపోయాయి. గొంతు ఎండుతోంది. ఫోను తెచ్చుకుందాం, సైరన్ మోగితే మోగనీ, నా ఇల్లే కదా అనుకున్నాను.

తలుపు బెత్తెడు తీశాను.

హాలు చీకటిగా ఉంది. తెరలు వేసి ఉన్నాయి. ఇన్వర్టరు ఉండి కూడా ఒక్క దీపం వెలగడం లేదు. గోడ మీద ఎర్ర లైటు మాత్రం ఉంది. సన్నగా, కందిగింజంత.

ఒక వాసన వచ్చింది. జర్దా. పాన్‌లో నేను వేసుకునే జర్దా. ఆ రోజు నేను ఇంకా వేసుకోలేదు.

సోఫా కిర్రుమంది. నేను రోజూ కూర్చునే వైపు.

"వద్దక్కా" అన్నారు హాల్లోంచి. "మోగుతది. కూసో."

చివర్న చిన్న నవ్వు.

నా గొంతు. ఆ నవ్వు నాది. నలుగురిలో జోకు వేసినప్పుడు చివర్న వదిలే నవ్వు. అది బయటికి ఎట్లా వినిపిస్తుందో నాకు అంతవరకు తెలియదు.

తలుపు మూశాను. చప్పుడు కాకుండా. చేత్తో పట్టి.

నా వీపు వెనక నీలగిరి తైలం వాసన చిక్కబడింది. చెవి పక్కన వెచ్చటి ఊపిరి తగిలింది. పొట్టి మనిషి, మడమలెత్తి నిలబడితే తగిలేంత ఎత్తులో.

"ఏమన్నడు తమ్మీ?"

నేను తిరగలేదు. తిరగలేకపోయాను.

"రమ్మన్నడా?"

అక్కడే తలుపు ముందు కూలబడ్డాను. అడగాలనుకున్నది ఒక్కటే మాట. దాని కోసమే వచ్చాను. నోరు తెరిచాను. "అక్కా... నువ్వు నిద్రలోనే... గదా?"

టక్ మని నీటి చుక్క పడింది. చాలాసేపటికి ఇంకో చుక్క.

"ఆరు కొట్టిందా తమ్మీ?" అంది అక్క. "నువ్వొచ్చే యాళ్ళైందా?"

తర్వాత నా భుజం మీదుగా తలుపు తెరుచుకుంది. నేను తీయలేదు. ఎర్ర లైటు. జర్దా వాసన. "వద్దక్కా." నవ్వు. తలుపు మూసుకుంది. వెనక నుంచి, "ఏమన్నడు?" కొంతసేపటికి మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. ప్రతిసారీ వెనక గొంతు ఇంకొంచెం సన్నబడుతోంది. ప్రతిసారీ హాల్లో గొంతు అంతే హుషారుగా ఉంది. లేచి ఒక్క అడుగు వేస్తే నేను హాల్లో ఉంటాను. సైరన్ మోగుతుంది, జనం వస్తారు, నన్ను బయటికి తీస్తారు. ఆ ఒక్క అడుగు వేయలేకపోయాను. సోఫాలో కూర్చున్నవాడి మొహం చూడాల్సి వస్తుందని.

ఎప్పటికో తాళం తిరిగింది. కీక్ మంది. లైట్లు వెలిగాయి.

"మామయ్యా?" అంటూ తేజస్విని గది తలుపు తీసింది. నేను కింద కూర్చుని ఉన్నాను. నా వెనక మంచం, గోడ, కిటికీ.

"డాడీ, ఇక్కడేం చేస్తున్నవ్?" అన్నాడు సాయిచంద్.

"నా ఫోను తే" అన్నాను.

ఫోను నేను వదిలిన చోటే, వంటింటి గట్టు మీద, చాయ్ గిన్నె పక్కన ఉంది. వాడు తీసి చూశాడు. తొమ్మిది మెసేజ్‌లు. లోపలి తలుపు తెరుచుకుంది, అలారం ఆపాలా. తొమ్మిదింటికీ జవాబు పోయి ఉంది. వద్దు.

"మరి నువ్వే గదా నొక్కింది" అన్నాడు.

"నేను రూంల ఉన్న. పాతవి తియ్యి."

"ఏ పాతవి?"

"మీ అత్త పోయిన గురువారంవి."

వాడు నా మొహం చూశాడు. వద్దు మామయ్యా అంది తేజస్విని. అయినా వాడు వేలితో పైకి జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. చదవడం మొదలుపెట్టాడు, ఏదో ఆఫీసు కాగితం చదివినట్టు. "ఒకటీ యాభై రెండు, తలుపు తెరుచుకుంది. వద్దు. తలుపు మూసుకుంది. రెండూ అయిదు, తలుపు తెరుచుకుంది. వద్దు..." నాలుగైదు చదివి ఆపేశాడు. మిగతావి నేను లాక్కుని చూశాను.

ఇరవై మూడు సార్లు. అక్క జుట్టు ముడేసుకుని, కొంగు చెక్కుకుని, ఇరవై మూడు సార్లు తలుపు తీసి ఎర్ర లైటు వైపు చూసింది. పచ్చగా కాలేదు. తలుపు మూసింది.

సాయిచంద్ ఆ గది గడప మీద కూర్చుండిపోయాడు. ఆరేండ్లప్పుడు జ్వరం వస్తే ఆమె ఒళ్ళో ఎట్లా కూర్చున్నాడో అట్లా, మోకాళ్ళు దగ్గరకు లాక్కుని. వాణ్ణి నేను ఓదార్చలేదు. ఏ మొహంతో ఓదారుస్తాను.

ఒక్క మెసేజూ రాలేదని పైన రాశాను. రాలేదనే నమ్మాను. ఆ గురువారం మధ్యాహ్నం కొత్తగా చేరిన డ్రైవర్లకు అక్క వీడియో చూపిస్తున్నాను. ఉప్పు వీడియో. ఒకడు చూశాక ఇంకొకడు అడిగాడు. మధ్యలో తెర మీదికి ఏదో అడ్డం వస్తుంటే వేలితో నొక్కి పంపించేశాను. ఏం నొక్కానో చూడలేదు. ఎన్నిసార్లు నొక్కానో కూడా తెలియదు. పదిహేడు సార్లని లెక్క చెబుతోంది కాబట్టి పదిహేడూ నావే. ఒప్పుకుంటున్నాను.

కానీ అయిదింటికి నా ఫోన్ చార్జింగు అయిపోయి ఆరిపోయింది. అది సాయిచంద్‌కు గుర్తుంది, ఎందుకంటే అక్క పోయిన కబురు వాడికి నేను వాచ్‌మన్ ఫోన్ నుంచి చెప్పాను. అయిదు దాటినంక అక్క ఇంకో ఆరు సార్లు తలుపు తీసింది. ఆరింటికీ నా నంబరు మీదే జవాబు ఉంది. వద్దు. చివరిది ఆరూ ఇరవై ఒకటికి. అప్పుడు నేను వాన తగ్గాలని బజ్జీల బండి దగ్గర నిలబడి ఎవరికో ఏదో ముచ్చట చెబుతున్నాను, ఆరిపోయిన ఫోన్ జేబులో పెట్టుకుని.

"ఆ ఆరు నీవి కావు డాడీ" అన్నాడు సాయిచంద్, నా చెయ్యి పట్టుకుని. "ఎట్లయినా కావు."

వాడు హాల్లోంచి వచ్చిన ఆ గొంతు వినలేదు.